వంగిన దావీదు

సెత్తిన్యానో,
1922 జనవరి చివరి వారం

తమ్ముడు ఎజిస్తోకు అక్క జెలిందా చెప్పి రాయించే ఉత్తరం.

రొట్టెల కొట్టువాళ్ళ పిల్ల బీచే కలం పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. బాగులేని మాట వస్తే మార్చేస్తానంటోంది. మారిస్తే నాకు తెలియదు గాని నీకు తెలుస్తుంది. నా నోట రాని మాట ఎక్కడైనా కనిపిస్తే అది బీచేది అనుకో.

విషయం ఇది. యుద్ధంలో పోయిన మన ఊరి కుర్రాళ్ళ జ్ఞాపకంగా చర్చి ఎదుటి చౌకులో, రాక్షసుడు గొల్యాతును వడిసెల రాయితో కొట్టిన దావీదు విగ్రహం నిలబెడతారట. నోటరీ తెబాల్దిని పెద్దగా పెట్టి ఒక సంఘం వేశారు. వచ్చిన మట్టి నమూనాల్లో చివరికి రెండు మిగిలాయి. ఒకటి ఫ్లోరెన్సు ప్రొఫెసరుగారిది. రెండోది నా కొడుకు, నీ మేనల్లుడు రెంజోది. సంఘం సగానికి సగం చీలి కూర్చుంది. రోములో ఇన్నేళ్ళుగా చలువరాయి చెక్కుతున్నవాడివి కాబట్టి నిన్ను అడిగి, నువ్వు రాసిన దాన్ని బట్టి తేలుస్తారట. ఫొటోలు నీకు పంపుతున్నారు. వాటి కంటే ముందు నా మాట నీకు చేరాలి.

ప్రొఫెసరుగారి దావీదు నిటారుగా నిలబడి గొల్యాతు తల మీద కాలు పెట్టాడు. ఆ తలకు ఆస్ట్రియావాళ్ళ ఇనపటోపీ ఉంది. బాగానే ఉంది, కాదనను. మనవాడి దావీదు ఏటి ఒడ్డున వంగి, వడిసెలలోకి రాళ్ళు ఏరుకుంటున్నాడు. సంఘంలో పెద్దమనుషులకు అదే గిట్టలేదు. వీరుడన్నవాడు వంగుతాడా అన్నారు. పిరుదులు చర్చి వైపు ఉంటాయన్నారు. అయితే చర్చినే అటు తిప్పుకోమన్నాను.

ఊరికే వాదించడం ఎందుకని రెంజోను వెంటబెట్టుకుని ఆదివారం ఫ్లోరెన్సు వెళ్ళి మిగతా దావీదులందరినీ చూసి వచ్చాను. పాత జైలు మ్యూజియంలో కంచువాళ్ళు ఇద్దరున్నారు. దొనాతెల్లో చేసినవాడికి ఒంటి మీద నూలుపోగు లేదు, తలకు టోపీ, కాళ్ళకు బూట్లు. టోపీ మరిచిపోని పిల్లవాడు చొక్కా ఎలా మరిచిపోయాడో నాకు అర్థం కాలేదు. గొల్యాతు తల తొక్కి, తన ఒళ్ళు తనే చూసుకుంటూ కల కంటున్నాడు. వెరోక్కియో వాడు నయం, బట్టలు తొడిగాడు. కాని నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆ నవ్వేమిటి? పక్కింటి కోడిని కొట్టి వచ్చినవాడి నవ్వు. ఇద్దరూ పని అయిపోయాక నిలబడ్డవాళ్ళే. మైకలాంజెలోది మనకు కొత్త కాదు, మన ఊళ్ళో రాళ్ళు కొట్టేవాళ్ళ ఇంట పాలు తాగినవాడి పని. ఆ దావీదు పనికి ముందు నిలబడ్డాడు. కనుబొమలు ముడిచి, వచ్చేవాణ్ణి చూస్తున్నాడు. కొట్టగలనా అన్న అనుమానం లేదు. ఎప్పుడు కొట్టాలా అన్నదే చూస్తున్నాడు.

ముగ్గురిలో ఒక్కడైనా రాళ్ళు ఏరుకున్నాడా? ఏరుకోకుండా రాయి ఎక్కడినుంచి వచ్చింది? రాళ్ళ మీద బతికే ఊళ్ళో రాళ్ళు ఏరుకునే దావీదే ఉండాలి. ఇదీ నా వాదం. దీన్నే నీ మాటల్లో పెట్టి నోటరీకి పంపు.

నీ అక్క
జెలిందా


రోము,
ఫిబ్రవరి 11

అక్కా,

నీ ఉత్తరం, నోటరీ ఫొటోలు ఒకే రోజు అందాయి. బీచే ఏమీ మార్చినట్టు లేదు.

ముందే ఒక మాట చెప్పాలి. సంఘం నన్ను అడిగింది పనివాడిగా, మేనమామగా కాదు. కాబట్టి నువ్వు చెప్పింది పెట్టి పంపడం కుదరదు. చూసింది రాస్తాను.

నువ్వు మూడు చూశావు గనక నాలుగోదాన్ని నేను చూసి వచ్చాను. ఇక్కడ బోర్గేసేవారి తోటభవనంలో బెర్నినీ దావీదు ఉన్నాడు. అతను పనికి ముందూ లేడు, తరవాతా లేడు, మధ్యలో ఉన్నాడు. ఒళ్ళంతా మెలితిరిగింది. వడిసెల లాగి పట్టాడు. పెదవులు లోపలికి బిగించాడు. ఎదురుగా నిలబడితే పక్కకు తప్పుకోవాలనిపిస్తుంది. ఆ ముఖం బెర్నినీదేనని, అద్దంలో చూసుకుంటూ చెక్కాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. నిజమో కాదో నాకు తెలియదు.

ఇక మన రెండింటి సంగతి. ప్రొఫెసరుగారి పనిలో తప్పు పట్టడానికి లేదు. బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తోంది. ఎంత దూరం నుంచి చూసినా దావీదేనని తెలుస్తుంది. చౌకులో నిలిచే విగ్రహానికి అది చిన్న గుణం కాదు. రెంజో దావీదు వీపు మాత్రం వాడు ఇప్పటిదాకా చేసిన అన్నిటికంటే మంచిది. అంత బాగా చెయ్యగలడని నేననుకోలేదు.

కాని ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. ఒక్కదానిలోనూ ముఖం లేదు. ముఖం కనిపించే ఫొటో పంపమను. ఎడమవైపు మెడ కింద ఎముక మీద గడ్డలాంటిది ఉంది, అది మట్టి లోపమా, కావాలని పెట్టిందా? పీఠం ఎంత ఎత్తు వేస్తున్నారు? ఈ మూడూ తెలిస్తే గాని రాయలేను.

ఎజిస్తో


సెత్తిన్యానో,
ఫిబ్రవరి చివర

తమ్ముడూ,

శనగగింజంత గడ్డ చూసి దాని మీద ప్రశ్న వేశావు. రాళ్ళు మోసే ఊళ్ళో ఎముక విరిగిన చోట ఇలాంటి గడ్డ లేనివాడు ఎవడున్నాడు? దావీదు గొర్రెల వెంట గుట్టలెక్కినవాడు. ఒకసారి పడి ఉంటాడు. మైకలాంజెలో వాడి చేతులు అంత పెద్దవెందుకని ఎవరూ అడగలేదు.

ముఖం ఫొటో లేదు. వంగినవాడి ముఖం ఎవరికి కావాలి? పీఠం సంగతి నోటరీ చూసుకుంటాడు, నువ్వూ నేనూ కాదు.

నీకు ఇంకో కబురు. ప్రొఫెసరుగారు మొన్న మన షెడ్డుకు వచ్చారు. గొడవ పెట్టుకుందామని చీపురు చేతిలోనే ఉంచుకున్నాను. ఆయన టోపీ తీసి, రెంజో బొమ్మ చుట్టూ తిరిగి, వీపు చాలా బాగుందన్నారు. తను దావీదును చెయ్యడానికి ఎదురుగా నిలబెట్టుకున్న కుర్రాడు ప్రాతో ఊళ్ళో నేతవాళ్ళ పిల్లాడట. పని మధ్యలో పచ్చి ఉల్లిపాయలు నములుతాడట, ఆ వాసన భరించలేకే పని తొందరగా ముగించానన్నారు. నాకు నవ్వొచ్చింది. చీపురు గోడకు ఆనించి వైన్ పోసి ఇచ్చాను.

ఆయన వెళ్ళాక ఆలోచించాను. అంటే ఆ కంచువాళ్ళూ, చలువరాతివాడూ, అందరూ ఎవరో ఒకామె కన్న పిల్లలే కదా. ఆ టోపీవాడి తల్లి చౌకులో నిలబడి వాణ్ణి చూసి ఏమనుకుంది? నలుగురిలో పరువు తీశావని చెవి మెలిపెట్టిందా, లేక రోజూ కూరగాయలకు ఆ దారినే వెళ్ళిందా? నీకు గుర్తుందో లేదో, మైకలాంజెలో దావీదును పాత చౌకు నుంచి మ్యూజియం లోపలికి తరలించేటప్పుడు నాన్న మనల్ని తీసుకెళ్ళాడు. పట్టాల మీద చెక్కబండిలో వేలాడదీసి, నత్త నడిచినట్టు నడిపించారు. నాన్న భుజాలెక్కుతానని నువ్వు గోల చేశావు. జనమంతా రాయి పగులుతుందేమోనని చూశారు. వాడు ఎవరి కొడుకో ఎవరూ అడగలేదు.

ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు. రెంజో వైపు రాయడం నీకు ఇంత బరువైతే ఆ మాట చెప్పు.

జెలిందా


రోము,
మార్చి 9

అక్కా,

ముఖం ఫొటో రెంజోనే నేరుగా అడిగాను. నేల మీద వెల్లకిలా పడుకుని తీశానని రాసి పంపాడు. నీకు చెప్పలేదట. వాణ్ణి తిట్టకు, మేనమామ అడిగితే ఏం చేస్తాడు.

అది వాస్కో.

నాలుగేళ్ళుగా మన ఉత్తరాల్లో ఈ పేరు రాలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. నీ పెద్దకొడుకు, నా పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నవాడు. పదిహేడేళ్ళప్పుడు రాళ్ళబండి మీద నుంచి పడి మెడ కింద ఎముక విరగ్గొట్టుకుంటే వైద్యుడి దగ్గరికి మోసుకెళ్ళింది నేను. గడ్డ చూడగానే అనుమానం వచ్చింది, అడిగితే నువ్వు దావీదును గుట్ట మీది నుంచి పడేశావు.

తక్కినది కూడా రాస్తాను, మన మధ్య దాపరికం ఉంటే నేను ఏ అభిప్రాయమూ ఇవ్వలేను. 1917 అక్టోబరులో మన సైన్యం వెనక్కి తిరిగినప్పుడు వాస్కో కూడా తిరిగాడు. పట్టుకుని, భయపడి పారిపోయాడని మన సైన్యమే నిలబెట్టి కాల్చింది. అందుకే స్మారకం మీద చెక్కబోయే పేర్లలో వాడి పేరు లేదు. ఊరందరికీ తెలుసు. ఎవరూ నీ ముందు అనరు.

పేరు పెట్టనివ్వరు కాబట్టి ముఖం పెడదామనుకున్నారు, నువ్వూ రెంజో. వంగినవాడి ముఖం కిందికి ఉంటుంది, ఎవరూ చూడరని రెంజో లెక్క. వాడు పొరబడ్డాడు. మట్టి పని చేసేటప్పుడు బొమ్మ మోకాలెత్తు తిరుగుడుబల్ల మీద ఉంటుంది, మనం పైనుంచి చూస్తాం, వీపే కనిపిస్తుంది. నోటరీని అడిగితే పంపిన నక్షా గీతల్లో పీఠం మనిషి నిలువు కంటే ఎత్తు. నేను మైనంతో చిన్న బొమ్మ చేసి అలమర మీద పెట్టి కింద నిలబడి చూశాను. వీపు కనిపించదు. కనిపించేది ముఖం ఒక్కటే. చౌకులోకి వచ్చే ప్రతివాడూ ముందు చూసేది అదే.

ఆ ముఖంలో భయం ఉంది అక్కా. నువ్వు చూసిన ముగ్గురిలో లేదు, నేను చూసినవాడిలో లేదు. రెంజో ఒక్కడే పెట్టాడు. పనివాడిగా చెబితే రెండింటిలో రెంజోదే గొప్పది, అందులో నాకు సందేహం లేదు.

కాని ఆ పీఠం మీద పేర్లున్న కుర్రాళ్ళకు తల్లులున్నారు. వాళ్ళ పిల్లల పేర్ల నెత్తిన ఎవరి ముఖం ఉందో విగ్రహం నిలబెట్టిన రోజున తెలియడం న్యాయం కాదు. నువ్వు ఇంటింటికీ వెళ్ళి ముందే చెప్పు. వాళ్ళు ఏమన్నా సరే, చెప్పాక నేను రెంజో వైపు రాస్తాను. చెప్పకపోతే ప్రొఫెసరుగారి వైపు రాస్తాను. ఈస్టరు తరవాతి వారం దాకా గడువుంది.

ఎజిస్తో


సెత్తిన్యానో,
మార్చి చివర

ఎజిస్తో,

బీచే రెండుసార్లు కాగితాలు తెచ్చుకుని వచ్చింది, రెండుసార్లూ వెనక్కి పంపాను. నా నోట వచ్చినవి ఆ పిల్ల చేత రాయించే మాటలు కావు. ఇది మూడోసారి.

నువ్వు రోములో ఉన్నావు. నువ్వు అలమర మీద మైనంబొమ్మ పెట్టి చూశావు. నేను ఈ ఊళ్ళో బావి దగ్గర నీళ్ళు పడతాను. నన్ను చూడగానే వాళ్ళ మాట ఆగిపోతుంది, నేను వెళ్ళాక మొదలవుతుంది. నాలుగేళ్ళుగా అంతే. ఇప్పుడు నేనే వాళ్ళ తలుపులు కొట్టి, నా కొడుకు ముఖం మీ పిల్లల మీద పెట్టుకోనివ్వండని అడగాలా? ఇసోలినా తలుపు కూడా కొట్టాలా? దాని కొడుకూ మావాడూ ఒకే దళం. దానివాడు శత్రువు గుండు తగిలి పోయాడు, వాడి పేరు అందరికంటే పైన చెక్కుతారు. దాని గుమ్మంలో నిలబడి ఏం చెప్పమంటావు?

పీఠం సంగతి రెంజోకు చెప్పాను. వాడు నమ్మలేదు. నలుగురిని పిలిచి బొమ్మను ఎత్తు బల్లల మీదికి చేర్చి కింద నిలబడి చూశాడు. చూసి బయటికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. ముఖం మారుస్తానన్నాడు తరవాత. చెయ్యి వేస్తే విరుస్తానన్నాను.

మట్టి ఆరితే పగులుతుంది గనక పొద్దున్నే తడిగుడ్డలు మార్చేది నేనే. ముక్కాలి పీట మీద కూర్చుని మారుస్తాను, అంత కిందినుంచి నాకు ముఖం మొదటి రోజు నుంచీ కనిపిస్తూనే ఉంది. నీకు చెప్పలేదు, నిజమే. చెబితే ఇదే చేస్తావని చెప్పలేదు.

ఒక దారి చెబుతాను. పీఠం తగ్గించమని నువ్వు నోటరీకి రాయి. మోకాలెత్తు చాలు, షెడ్డులో ఉన్నట్టే. వీపు అందరిదీ, ముఖం నాది. ఎవరికీ చెప్పనక్కరలేదు. నువ్వు పెద్ద పనివాడివి, ఎత్తు తగ్గిస్తే బాగుంటుందని రాస్తే ఎవరూ ఎందుకని అడగరు.

జెలిందా


రోము,
ఏప్రిల్ 4

అక్కా,

మోకాలెత్తు పీఠం మీద వంగినవాణ్ణి చౌకులో పెడితే సంతరోజున అతని వీపు మీద బుట్టలు పెడతారు, పిల్లలు ఎక్కి గుర్రమాడతారు. ఆ పని చెడగొట్టే మాట నేను సంతకం పెట్టి రాయలేను. తల్లుల సంగతి అటుంచినా రాయలేను.

నువ్వు వాళ్ళ తలుపులు కొట్టలేకపోతే నిన్ను తప్పు పట్టను. ప్రొఫెసరుగారిది కూడా మంచి పనే. రెంజో మట్టిని నేను డబ్బు పెట్టి సున్నపు అచ్చు పోయిస్తాను, ఇంట్లో ఉంచుకోవచ్చు.

ఎజిస్తో


సెత్తిన్యానో,
ఈస్టరు తరవాత మంగళవారం

తమ్ముడూ,

చెప్పాను. అందరికీ చెప్పాను.

ఎలాగంటే, పాదిరిగారు ఇళ్ళు దీవించడానికి తిరిగే వారం చూసుకున్నాను. గచ్చులు కడిగి, తలుపులన్నీ తీసి కూర్చుంటారు, ఇంట్లో లేనని ఎవరూ అనలేరు. ఆయన నీళ్ళు చల్లి బయటికి రాగానే వెనకనే నేను లోపలికి వెళ్ళాను. రెండో ఇంటి దగ్గర ఆయనకు తెలిసిపోయింది. తరవాతి ఇళ్ళల్లో ప్రార్థన కొంచెం తొందరగా ముగించారు.

ఒక్కొక్కరు ఒక్కోలా విన్నారు. ఒకామె వైన్ పోసి ఇచ్చింది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గోడ వైపు చూస్తూ నిలబడింది. ఒకామె ఏడ్చింది, ఎందుకో చెప్పలేదు. డాక్టరుగారి భార్య, యుద్ధంలో పోయిన లెఫ్టినెంటు తల్లి, సంఘానికి అభ్యంతరం రాసి పంపుతానని చెప్పి, నన్ను మర్యాదగా వాకిలి దాకా సాగనంపింది. ఆమె హక్కు అది. నేనూ మర్యాదగానే వచ్చాను, బీచే వీధిలోంచి చూసింది, అడుగు.

ఇసోలినా ఇల్లు చివరికి పెట్టుకున్నాను. నేను చెబుతున్నంతసేపూ చిక్కుడు గింజలు వలుస్తూనే ఉంది. అయ్యాక చేతులు తుడుచుకుని, పద, చూపించు అంది.  షెడ్డులో బొమ్మ ఇంకా ఎత్తు బల్లల మీదే ఉంది. గుడ్డలు విప్పాను. ఇసోలినా కింద నిలబడి తల ఎత్తింది. ఎంతసేపు చూసిందంటే, మట్టి ఆరుతుందని నేను మధ్యలో నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

"వీడికి భయంగా ఉందే" అంది.

అవునన్నాను. పారిపోయినవాడని అంటుందనుకుని మాట సిద్ధం చేసుకున్నాను. చీపురు కూడా దగ్గరే ఉంది.

"మావాడు ప్రతి ఉత్తరంలోనూ ధైర్యంగా ఉన్నానని రాయించేవాడు" అంది. "నేను నమ్ముతున్నాననుకున్నాడు వెధవ."

మట్టి మీద మళ్ళీ నీళ్ళు చల్లాను. కాసేపటికి, పీఠం తగ్గించమని మా తమ్ముణ్ణి అడిగాను, మోకాలెత్తు పెడితే ముఖం ఎవరికీ కనిపించదు, నీకూ ఇబ్బంది ఉండదు అన్నాను. అప్పుడు తిరిగింది నా మీదికి. ఈ నాలుగేళ్ళలో అది నా కళ్ళలోకి చూడడం ఇదే మొదటిసారి.

"తగ్గిస్తే ఊరుకోను, జెలిందా. నా పిల్లాణ్ణి చూసుకోవడానికి నేను నేల మీద పడుకోవాలా?"

గుడ్డలు కప్పడానికి అది ఒక కొస పట్టుకుంది, నేను ఒక కొస పట్టుకున్నాను.

కాబట్టి మోకాలెత్తు మాట మరిచిపో. గీతల్లో ఎంత ఉందో అంత. డాక్టరుగారి భార్య అభ్యంతరం కూడా నువ్వే ముందుగా నోటరీకి రాసెయ్యి, దాచావని అనిపించుకోకు. ముఖం ఎవరిదో కూడా రాయి. వాస్కో అని పేరుతో రాయి.

జెలిందా


రోము,
మే 20

అక్కా,

నోటరీ జవాబు వచ్చింది. రెంజో దావీదును తీసుకున్నారు. ఇద్దరు ఒప్పుకోలేదు, డాక్టరుగారి భార్య అభ్యంతరాన్ని చదివి వినిపించాక నిర్ణయం చేశారట. ప్రొఫెసరుగారు తన నమూనా వెనక్కి తీసుకుంటూ రెంజోకు రెండు మాటలు రాశారని తెలిసింది, అవి ఏమిటో నాకు తెలియదు.

నేను రాసింది పెద్దదేమీ కాదు. నలుగురు దావీదులనూ పక్కపక్కన పెట్టి, ఒకడు గెలిచాక కలగంటున్నాడని, ఒకడు గెలిచాక నవ్వుతున్నాడని, ఒకడు గెలుస్తానని చూస్తున్నాడని, ఒకడు కొడుతున్నాడని రాశాను. అయిదోవాడు ఇంకా గెలవలేదు, గెలుస్తాడో లేదో అతనికి తెలియదు, అయినా రాళ్ళు ఏరుకుంటున్నాడు అని రాశాను. నేను రెంజో మేనమామనని, నా మాట తూకం ఆ మేరకు తగ్గించుకోమని కూడా రాశాను. ముఖం ఎవరిదో పేరుతో రాశాను.

పీఠం మీది పేర్ల పలకలో వాస్కో పేరు ఉండదు. అది సంఘం చేతిలో లేదు, నేను అడగలేదు.

వచ్చే నెలలో వస్తాను. వీపు, చేతులు, కాళ్ళు రెంజో చెక్కుకోనీ, వాడి పని అది. ముఖం దగ్గరికి వచ్చేసరికి నేను పక్కన ఉండాలి. మట్టిలో చేసింది రాతిలోకి తేవడానికి అంతకంటే కష్టమైనది నేను చూడలేదు. ఉలి దెబ్బ ఒక్కటి ఎక్కువైతే ఆ భయం కోపమైపోతుంది. ఒక్కటి తక్కువైతే ఏ భావమూ ఉండదు, ఉత్త కుర్రాడు రాళ్ళు ఏరుకుంటున్నట్టు ఉంటుంది. మనకు ఆ రెండింటి మధ్య ఉన్నవాడు కావాలి.

ఎజిస్తో